సముద్రం ఒడ్డున సీకు పొగ!

ఈ వారం సినిమా కబుర్లు తక్కువ, తిండి కబుర్లు ఎక్కువ. "ఇది సినిమా పత్రికా, వంటల పత్రికా?" అని ఎడిటరుగారు కోప్పడతారని తెలుసు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే మన హీరోలు ఫారిన్ వెళ్తారు, బ్రిడ్జి మీద ఒక చరణం, సముద్రం ఒడ్డున ఒక చరణం పాడేసి వస్తారు. మధ్యలో ఆకలేస్తే ఏం తిన్నారో ఇంతవరకూ ఒక్క డైరెక్టరైనా చూపించాడా? ఆ లోటు నేను తీరుస్తాను.

కిందటి మే నెలలో ఒక యూనిట్ వాళ్ళు లొకేషన్లు చూడ్డానికి లండన్ వెళుతూ నన్నూ వెంట తీసుకెళ్ళారు. (యూనిట్ పేరు అడక్కండి. సినిమా ఇంకా మొదలు కాలేదు, అవుతుందో లేదో కూడా తెలీదు!) వాళ్ళు లండన్‌లో వీధులు కొలుచుకుంటూ ఉంటే నేను మూడు రోజులు సెలవు చెప్పి బ్రైటన్ రైలెక్కాను. విక్టోరియా స్టేషన్ నుంచి గంట ప్రయాణం. అక్కడ మా అక్కయ్య కొడుకు ఎమ్మెస్ చదువుతున్నాడు. మా అక్కయ్య తెనాలి నుంచి ఆవకాయ, గోంగూర, కందిపొడి ప్యాక్ చేసి ఇచ్చి, "వాడు సరిగ్గా తింటున్నాడో లేదో నీ కళ్ళతో చూసి చెప్పు. ఫోన్లో అడిగితే అంతా బావుందంటాడు" అంది. కనుక నేను వెళ్ళింది విహారానికి కాదు, ఒక రకంగా సీఐడీ డ్యూటీకి.

బ్రైటన్ సముద్రం మన సముద్రంలా ఉండదు. ఇసుకుండదు. ఒడ్డంతా గులకరాళ్ళే. చెప్పుల్లేకుండా నడిస్తే మన హీరోయిన్ ఒక్క స్టెప్పు కూడా వెయ్యలేదు. 1899లో కట్టిన పాలెస్ పియర్ అని పొడుగాటి వంతెన ఒకటి నీళ్ళలోకి వెళ్ళి ఆగిపోతుంది, దాని మీద రంగులరాట్నాలు. పక్కనే ఇంకోటుండేది, వెస్ట్ పియర్. 1975లో మూసేశారు, 2003లో తగలబడింది. ఇప్పుడు ఇనప అస్థిపంజరం మాత్రం నీళ్ళలో నిలబడుంది. 1969లో వచ్చిన 'ఓ! వాట్ ఎ లవ్లీ వార్' సినిమా తీసింది దాని మీదే.

సినిమా అభిమానులు తెలుసుకోవలసిన సంగతి ఇంకోటుంది. మనం ఇవాళ క్లోజప్ అని అంటున్నామే, దాన్ని కథలో వాడి చూపించిన మొదటివాళ్ళలో ఈ ఊరివాడొకడు. జార్జి ఆల్బర్ట్ స్మిత్ అని పేరు. 1900లో అవ్వగారి భూతద్దంలోంచి మనవడు చూసినట్టు వాచీనీ, పిట్టనీ, అవ్వ కన్నునీ తెరంతా నింపి చూపించాడు. 1910లో కట్టిన డ్యూక్ ఆఫ్ యార్క్స్ అనే సినిమా హాలు ఇప్పటికీ ఆడుతోంది. మన దేశంలో 'రాజా హరిశ్చంద్ర' రావడానికి మూడేళ్ళ ముందు కట్టిన హాలు! దాని డాబా మీద చారల మేజోళ్ళు తొడుక్కున్న రెండు పెద్ద ఆడకాళ్ళ బొమ్మ పెట్టారు. మన సెన్సారువాళ్ళు చూస్తే హాలుకే 'ఏ' సర్టిఫికెట్ ఇస్తారు.

సరే, అసలు విషయానికొద్దాం. తిండి.

మొదటి రాత్రి రైలు దిగి, మావాడి గదిలో సామాను పడేసి, వాడికేదో పనుందంటే ఒక్కణ్ణే సముద్రం వైపు వెళ్ళాను. పదకొండయింది. ఆకలి. ఒక కొట్టు అద్దంలో నిలువుగా తిరుగుతున్న మాంసపు స్తంభం కనపడింది. డోనర్ కబాబ్! అడిగాను. వాడు మంగలి మెషీను లాంటి కరెంటు కత్తితో జర్రున గీకి, అట్టపెట్టెలో పోసి, పైన తెల్ల సాసు ఒకటి, ఎర్ర సాసు ఒకటి కుమ్మరించి ఇచ్చాడు. ఒక ముద్ద తిన్నాను. ఉప్పు తెలుస్తోంది, మాంసం తెలియటం లేదు. రెండో ముద్ద నోటిదాకా వెళ్ళేలోగా ఒక సీగల్ పక్షి వచ్చి రొట్టె ఎగరేసుకుపోయింది. ఈ ఊళ్ళో ఆ పక్షులు కోడిపుంజంత ఉంటాయి, భయమన్నది లేదు. దానికైనా అరిగిందో లేదో!

గదికొచ్చి ఈ కథ చెబితే మావాడు పగలబడి నవ్వాడు. "మావయ్యా, నువ్వు తిన్నది డోనరే కాదు. ఏనుగు కాలులా నున్నగా ఉందా? అయితే అది కీమా రుబ్బి, అచ్చులో పోసి, ఐసులో పెట్టి ఫ్యాక్టరీ నుంచి పంపిన ముద్ద. అసలు డోనరంటే మాంసాన్ని పలకలుగా కోసి, మధ్య మధ్య కొవ్వు పెట్టి ఒకదాని మీద ఒకటి గుచ్చాలి. అంచులు పుస్తకం పేజీల్లా కనపడాలి. డోన్ అంటే తిరగడం. తిరిగేది కాబట్టి డోనర్" అన్నాడు.

వీడికి ఇదంతా ఎలా తెలుసు? ఇంట్లో ఉన్నప్పుడు మంచినీళ్ళ గ్లాసు కూడా కడిగినవాడు కాదు. నాకు చిన్న అనుమానమొచ్చింది. వాడి కోటుకి బొగ్గు పొగ వాసన. ముంజేతి మీద కాలిన గీత. "ఇదేమిట్రా?" అంటే "ఇస్త్రీ పెట్టె" అన్నాడు. ఇస్త్రీ లేని చొక్కా వేసుకుని మరీ చెప్పాడు! ఇన్నేళ్ళు సినిమా కథలు విన్న బుర్ర కదా, ఎవరో టర్కీ అమ్మాయి ఉండి ఉంటుంది అనుకున్నాను.

మర్నాడు, "ఊళ్ళో మంచి కబాబ్ ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్ళు. ఖర్చు నాది" అన్నాను. వాడు ఉత్సాహంగా బయల్దేరాడు. వెస్టర్న్ రోడ్డంతా తిప్పాడు. ప్రెస్టన్ స్ట్రీట్ అని సముద్రంలోకి జారుతున్నట్టుండే వీధి ఒకటుంది, అడుగుకో హోటలు. అక్కడా తిప్పాడు. ప్రతి కొట్టు ముందూ ఆగి పాఠం. "లోపల బొగ్గుల కుంపటి ఉందా చూడు. దాన్ని మంగల్ అంటారు. గ్యాసు మీద కాల్చేవాడి దగ్గర తినకు. ఆర్డరిచ్చిన రెండు నిమిషాల్లో తెచ్చాడంటే ముందే కాల్చి పెట్టాడన్నమాట. పావుగంట పట్టాలి. రొట్టెని మాంసం మీద అద్ది, ఆ కొవ్వు పీల్చుకున్నాక ఇవ్వాలి. ఉల్లిపాయ మీద ఎర్రగా పుల్లగా సుమాక్ పొడి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం... సాయంత్రం ఏడింటికి పిల్లల్తో వచ్చిన టర్కీ సంసారాలు కూర్చుని ఉండాలి. అర్ధరాత్రి తాగొచ్చిన వాళ్ళు మాత్రమే తినే కొట్టయితే వద్దు."

ఒక చోట లహ్మజున్ తిన్నాం. పల్చటి రొట్టె మీద కీమా పూసి కాల్చి, నిమ్మకాయ పిండుకుని చుట్ట చుట్టి తింటారు. బాగుంది. ఇంకో చోట ఐరాన్ ఇచ్చారు. ఏదో ఖరీదైన పానీయమనుకుని తాగితే ఏముంది... మన ఉప్పేసిన మజ్జిగ! జాజిక్ అంటే దోసకాయ, వెల్లుల్లి వేసిన పెరుగుపచ్చడి. ఇంత దూరం వచ్చి పెరుగుపచ్చడికి డబ్బిచ్చామని మా అక్కయ్యకి చెప్పకూడదనుకున్నాను.

అన్నీ బాగానే ఉన్నాయి. కానీ "ఇదీ!" అనిపించేది మాత్రం దొరకలేదు.

తిరిగి గదికి వచ్చేటప్పుడు 25 నంబరు బస్సెక్కి లూయిస్ రోడ్డులో దిగాం. యూనివర్సిటీ పిల్లలంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. నాలుగడుగులు వేశామో లేదో, గాలిలో పొగ వాసన. మామూలు పొగ కాదండీ. మా ఊళ్ళో రంజాన్ రోజుల్లో మసీదు సందులో సీకులు కాల్చే పొగ. బొగ్గు మీద కొవ్వు చుక్క పడి చుయ్యిమన్న పొగ. అటు తిరిగేసరికి మావాడు నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేస్తున్నాడు! "అటు వద్దు మావయ్యా, అది బాగుండదు."

బొగ్గుల కుంపటి ఉంది. లోపల ఇద్దరు పిల్లల్తో ఒక సంసారం కూర్చునుంది. డోనర్ అంచులు పేజీలు పేజీలుగా కనపడుతున్నాయి. పొద్దున్నించీ వీడు చెప్పిన పాఠానికి నూటికి నూరు మార్కులొచ్చే కొట్టు, వీడు చూపించకుండా దాటించిన ఒకే ఒక్క కొట్టు. నేను చెయ్యి విడిపించుకుని తలుపు తోశాను.

కుంపటి దగ్గరున్న యాభై ఏళ్ళ బొద్దు మీసాల మనిషి నన్ను దాటి నా వెనక చూసి, ఇంగ్లీషులో గట్టిగా అన్నాడు: "ఇవాళ నీకు సెలవు కదా? ఎందుకొచ్చావు?"

హీరోయిన్ లేదు. కథలో ఉన్నది ఈ మీసాలాయన!

మావాడు తల దించుకున్నాడు. నేనూ ఏమీ అనలేదు. ఆయనే మమ్మల్ని కుంపటి ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆ చోటుకి వాళ్ళ భాషలో ఓజక్‌బషి అని పేరట, పొయ్యి పక్కన అని. ఆయన్ని అందరూ ఉస్తా అంటున్నారు. ఉస్తా అంటే పనిలో చెయ్యి తిరిగినవాడు. ఉస్తాద్! మనం వస్తాదు అంటామే, అదే మాట. ఒక్క మాట దొరికేసరికి మిగతావి బోలెడు దొరికాయి. కొట్టు వాళ్ళకీ దుక్కానే. కీమా కియ్మా, కోఫ్తా కోఫ్తె, పలావు పిలావ్, షోర్బా చోర్బా, చాయ్ చాయే. పరదా పెర్దె. సినిమాని ఏమంటారయ్యా అంటే "బెయాజ్ పెర్దె" అన్నాడు, తెల్ల పరదా అని. మనది వెండితెర, వాళ్ళది తెల్లతెర.

హైదరాబాద్ తెలుసా అని అడిగాను. బిర్యానీ తెలుసన్నాడు. అప్పుడు మా దగ్గరున్న కథ చెప్పాను. 1931లో నిజాం కొడుకులిద్దరికీ ఫ్రాన్సులోని నీస్ నగరంలో పెళ్ళయింది. పెళ్ళికూతుళ్ళిద్దరూ ఒట్టోమాన్ వంశంవాళ్ళు. పెద్దబ్బాయి ఆజం జాకి చివరి ఖలీఫా కూతురు దుర్రుషెవార్, రెండోవాడు మొఅజ్జం జాకి నీలోఫర్. మా రాష్ట్రంలో బిడ్డకి జబ్బు చేస్తే ఇవాళ్టికీ "నీలోఫర్‌కి తీసుకెళ్ళండి" అంటారు, ఆవిడ పేరుతో ఉన్న ఆసుపత్రది అన్నాను. ఉస్తా సీకు తిప్పడం ఆపేసి విన్నాడు. తర్వాత ఆయన వంతు. మా నాన్నకి ఒక హిందీ పాట వచ్చు అంటూ 'ఆవారా' కూని రాగం తీశాడు. రాజ్ కపూర్ 'ఆవారా' టర్కీలో ఎంత ఆడిందంటే, 1964లో వాళ్ళే ఆ కథని మళ్ళీ తీసుకున్నారు.

ఇంతలో అదానా కబాబ్ వచ్చింది. అదానా దక్షిణ టర్కీలో ఒక ఊరు, ఉస్తాది అక్కడే. గొర్రె మాంసాన్నీ, తోక కొవ్వునీ పెద్ద వంకర కత్తితో చేత్తో నరికి, ఎర్ర మిరపా ఉప్పూ వేసి, రెండు వేళ్ళ వెడల్పున్న బల్లపరుపు సీకుకి వేళ్ళతో నొక్కుతారు. మసాలా అంటే అంతే. మన సీక్ కబాబులో అల్లం వెల్లుల్లి, గరం మసాలా, పుదీనా... మాంసం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇందులో మాంసమూ పొగా తప్ప దాక్కోవడానికి చోటు లేదు. పక్కన కాల్చిన టమాటా, కాల్చిన పచ్చిమిరపకాయ, సుమాక్ ఉల్లిపాయ. "కారం జాగ్రత్త" అన్నాడు ఉస్తా. గుంటూరు జిల్లా వాడితో అనవలసిన మాట కాదు, అయినా మర్యాదకి "హా" అన్నాను. నిజం చెబుతున్నాను, లండన్‌లో నిర్మాతగారి ఖర్చుతో తిన్న ఏ విందూ దీని కాలిగోటికి సరిపోదు.

తిన్నాక చిన్న గాజు గ్లాసుల్లో పాలు లేని చాయ్ వచ్చింది. అప్పుడు అడిగాను, "ఎన్నాళ్ళయిందిరా?"

"ఎనిమిది నెలలు. వారానికి నాలుగు సాయంత్రాలు, ఐదేసి గంటలు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగేటప్పుడు 20 గంటలకి మించి చెయ్యకూడదు. ఒక్క నిమిషం కూడా దాటను" అన్నాడు. "మరి మీ అమ్మకి ల్యాబులో అసిస్టెంటునని చెప్పావే?" వాడు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "నాన్న ఎకరంన్నర తాకట్టు పెట్టాడు మావయ్యా. కబాబులు కోస్తున్నానని ఎలా చెప్పను? ఫీజు ఆయన కట్టాడు. గది అద్దె కూడా అడగలేక ఇందులో చేరాను. మొదటి నెల ఉల్లిపాయలే. రోజుకో బస్తా. ఏడుస్తున్నానా ఉల్లిపాయ ఘాటా అని ఉస్తా అడిగేవాడు కాదు, పక్కన చాయ్ పెట్టి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు డోనర్ నాకే ఇస్తున్నాడు."

పొద్దున వాడు నాకు చూపించిన చోట్లలో ఒకటి గుర్తొచ్చింది. సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఒక సమాధి. షేక్ దీన్ మహమ్మద్ అని పట్నాలో పుట్టినాయన. 1810లో లండన్‌లో హిందూస్తానీ కాఫీ హౌస్ అని మన తిండి పెట్టే హోటలు తెరిచాడు. రెండేళ్ళకే దివాళా తీశాడు. తర్వాత ఈ ఊరొచ్చి, ఆవిరి స్నానాలూ, చంపీ అంటే తలంటు మర్దనా మొదలెట్టి ఇద్దరు రాజులకి మర్దనా చేసేవాడయ్యాడు. షాంపూ అన్న మాట ఆ చంపీ లోంచే వచ్చింది. ఆ సమాధి ముందు మావాడు అవసరమైన దానికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. అప్పుడు నాకు ఎందుకో అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. వీడియో కాల్. అక్కయ్య! బ్రైటన్‌లో సాయంత్రం ఐదు, తెనాలిలో రాత్రి తొమ్మిదిన్నర. "ఎక్కడున్నారు? వాడేం తిన్నాడు? నీ వెనక అదేమిట్రా స్తంభంలా తిరుగుతోంది?"

నేను నోరు తెరిచాను. ఏ అబద్ధం ఆడాలో తట్టలేదు. ఇన్ని సినిమాలు చూసినవాణ్ణి, ఒక్క డైలాగ్ రాలేదు. మావాడు చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"అమ్మా, దాన్ని డోనర్ అంటారు. దాన్ని కోసేది నేనే. ల్యాబులో ఉద్యోగం లేదు. ఇక్కడే చేస్తున్నాను."

అవతల నిశ్శబ్దం. బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు, అక్కయ్య కళ్ళు కదులుతున్నాయి. "ఎందుకురా అబద్ధం చెప్పావు?" అంది. అంతే, ఫోన్ పెట్టేసింది.

ఉస్తాకి తెలుగు రాదు. కానీ అర్థమైనట్టుంది, ఇంకో రెండు చాయ్‌లు పెట్టాడు. మావాడు ముట్టలేదు. పది నిమిషాల తర్వాత నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. వాడికి కాదు, నాకు.

"వాళ్ళు వాడికి అన్నం పెడతారా?"

"పెడతారు" అని కొట్టాను.

"ఏం అన్నం?"

ఉస్తాని అడిగి ఒక పళ్ళెంలో పిలావ్ పెట్టించుకుని ఫోటో తీసి పంపాను. నేతిలో వేయించిన సన్న సేమ్యా కలిపిన తెల్లన్నం. దాని పక్కన పెరుగు. చూసిన గుర్తులు నీలంగా వచ్చాయి. "కూర ఏదీ?" అని వచ్చింది. ఆ ముక్క చూపిస్తే అప్పుడు నవ్వాడు మావాడు.

మర్నాడు వాడి డ్యూటీ టైముకి వెళ్ళి ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాను. ఏప్రన్ కట్టుకుని, చెయ్యంత పొడుగు కత్తితో పైనుంచి కిందికి లాగుతుంటే మాంసం అరిటిపట్టలా పల్చగా ఊడి పళ్ళెంలో పడుతోంది. కరెంటు మెషీను వాడితే ఉస్తా ఒప్పుకోడట. నాకు తెచ్చిన పళ్ళేనికి బిల్లు వేశాడు. "మావయ్యవని ఊరికే ఇస్తే నా జీతంలోంచి పోతుంది" అన్నాడు. కట్టాను.

ఈ సంగతి రాయడానికి వాడి అనుమతి ఉంది, పేరు రాయొద్దన్న షరతు మీద. కొట్టు పేరూ అందుకే రాయలేదు. అక్కయ్య మాత్రం "మీ బావతో నేను చెప్పేదాకా ఆగు" అంది. ఆగాను. కిందటి వారం చెప్పిందట. "బావ ఏమన్నాడు?" అని ఫోన్ చేశాను.

"ఏమీ అన్లేదు. భోజనం మధ్యలో లేచి, ఫోన్ తీసుకుని మేడ మీదికెళ్ళారు. గంటసేపు దిగలేదు" అంది.